మెట్ట తామర సాగు: తుషార ప్రాంతాల దుంప సంరక్షణ సూత్రాలు, కడప జిల్లా పరిస్థితులకు వాటి అన్వయం

సారాంశం

మెట్ట తామర (కన్నా) ఉష్ణ మండల అమెరికా నుంచి ప్రపంచమంతటా వ్యాపించిన అలంకరణ మొక్క. దీని సాగుపై లభించే సాహిత్యంలో అధిక భాగం శీతల దేశాలలో వెలువడినది. అందుచేత చలికాలానికి ముందు దుంపలను తవ్వి నిల్వ చేయాలన్న సూచన అన్ని కరదీపికలలోనూ కనిపిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఈ సూచనను యథాతథంగా పాటిస్తే మొక్క బాగా పూచే కాలమే చేజారుతుంది. తుషారం వల్ల మొక్కకు కలిగే హాని, శీతల ప్రాంతాలలో దుంపలను కాపాడే పద్ధతి, చింతపల్లి–లంబసింగి వంటి ఎత్తైన ప్రాంతాలకు తగిన మార్పులు, కడప జిల్లాలో వేసవి విశ్రాంతి, నీటి లెక్క, ఆకులు పసుపుబారడంలో కారణాల గుర్తింపు ఈ వ్యాసంలో వివరించడమైనది.

కీలక పదాలు: మెట్ట తామర, దుంప విశ్రాంతి, తుషారం, వేసవి యాజమాన్యం, వైరస్ తెగుళ్ళు, వాడుక నీరు

ఉపోద్ఘాతం

ఉద్యాన పంటల విస్తరణలో ఒక ప్రాంతపు సిఫారసును మరొక ప్రాంతానికి తరలించేటప్పుడు ఆ సిఫారసు వెనుక ఉన్న కారణాన్ని కూడా వెంట తీసుకువెళ్ళాలి. కారణాన్ని వదిలి పనిని మాత్రమే తీసుకుంటే, అక్కడ మేలు చేసిన పని ఇక్కడ నష్టం చేస్తుంది. మెట్ట తామర ఇందుకు చక్కని ఉదాహరణ. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో శరదృతువు చివర దుంపలను తవ్వకపోతే గడ్డకట్టిన నేలలో అవి చచ్చిపోతాయి. కడప జిల్లాలో అదే నెలలో మొక్క నిండుగా పూత మీద ఉంటుంది.

భాష కూడా ఇక్కడ కొంత చిక్కు తెస్తుంది. తెలుగులో ‘మంచు’ అనే మాట గడ్డి మీది నీటి బిందువులకూ, పొగమంచుకూ, హిమాలయాల మీది హిమానికీ కూడా చెల్లుతుంది. పెన్నా తీర గ్రామాలలో మార్గశిర, పుష్య మాసాలలో ‘మంచు పడుతోంది’ అంటే ఉదయం ఆకుల మీద నీటి బిందువులు కనిపిస్తున్నాయనో, దారి కనిపించనంత పొగమంచు కమ్ముకుందనో అర్థం. మొక్క ఉపరితలంపై నీటి ఆవిరి సున్నా డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువ ఉష్ణోగ్రత వద్ద మంచు పలుకులుగా గట్టిపడటం దీనికి పూర్తిగా భిన్నమైన స్థితి. ఈ స్థితిని ఈ వ్యాసంలో ‘తుషారం’ అని వ్యవహరించడమైనది. ‘మంచుకు ముందే దుంపలు తవ్వాలి’ అన్న అనువాద వాక్యం చదివిన రైతు పొగమంచును చూసి గునపం పట్టుకునే ప్రమాదం ఉన్నందున విస్తరణ సాహిత్యంలో ఈ తేడాను స్పష్టం చేయడం అవసరం.

పేరు, వృక్షశాస్త్ర లక్షణాలు

కన్నా ప్రజాతిని తెలుగులో మెట్ట తామర, కృష్ణ తామర అని పిలుస్తారు. ఇది తామర కాదు. నర్సరీలలో ‘కన్నా లిల్లీ’ అని అమ్ముతారు గాని లిల్లీ కూడా కాదు. మన పూల మార్కెట్లలో లిల్లీ అంటే నేల సంపెంగ. నేల సంపెంగ విడిపూలకు, కట్ల పూలకు నిలకడగా గిరాకీ ఉన్న పంట. మెట్ట తామరకు అటువంటి మార్కెట్ లేదు. కాబట్టి రైతులతో మాట్లాడేటప్పుడు ‘లిల్లీ’ అనే మాటను ఈ మొక్కకు వాడకపోవడమే మంచిది.

కన్నేసి కుటుంబంలో కన్నా ఒక్కటే ప్రజాతి. అరటి, అల్లం, పసుపు మొక్కలు చేరిన జింజిబరేలిస్ క్రమంలోనే ఇదీ ఉంది. అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ భాగం నుంచి అర్జెంటీనా ఉత్తర భాగం వరకు దీని సహజ నివాసం. కన్నా ఇండికా అన్న శాస్త్రీయ నామంలోని ‘ఇండికా’ మన దేశాన్ని కాక వెస్ట్ ఇండీస్‌ను సూచిస్తుంది. 1753లో లిన్నేయస్ ప్రచురించిన స్పీషీస్ ప్లాంటారం గ్రంథం ఈ మొక్కతోనే ప్రారంభమవుతుంది. ఒకే కేసరం, ఒకే కీలం ఉన్న పుష్పాలను మొదటి తరగతిగా ఆయన అమర్చడమే ఇందుకు కారణం.

పువ్వులో రంగులతో ఆకర్షించే భాగాలు నిజానికి ఆకర్షణ పత్రాలు కావు. అవి రేకుల రూపం దాల్చిన వంధ్య కేసరాలు. అసలు ఆకర్షణ పత్రాలు మూడూ సన్నగా, వెనుకగా ఉంటాయి. ఫలవంతమైన కేసరంలో పుప్పొడి తిత్తి సగమే ఉంటుంది. అందువలన పువ్వును ఏ వైపు నుంచి కోసినా రెండు సమభాగాలు రావు. పుష్ప నిర్మాణం బోధించే తరగతులకు ఇది మంచి నమూనా.

గింజలు నల్లగా, గుండ్రంగా, తుపాకి రవ్వల వలె గట్టిగా ఉంటాయి. పై పొర నీటిని లోనికి పోనివ్వదు. గింజను ఒకవైపు ఆకురాయితో తెల్లని భాగం కనిపించేంత వరకు అరగదీసి, ఒక రోజు గోరువెచ్చని నీటిలో నానబెట్టి విత్తితే మొలక బాగా వస్తుంది. అలంకరణ రకాలు సంకరాలు కావడం వలన గింజ మొక్కలు తల్లి లక్షణాలను నిలుపుకోవు. ప్రాథమిక క్రోమోజోముల సంఖ్య 9. ద్వయస్థితిక రకాలలో 18, త్రయస్థితిక రకాలలో 27 క్రోమోజోములు ఉంటాయి. త్రయస్థితిక రకాలు దాదాపుగా గింజ కట్టవు. ఈ కారణాల వలన ప్రవర్ధనం ప్రధానంగా దుంపల ద్వారానే జరుగుతుంది. సంకర రకాల అభివృద్ధి 19వ శతాబ్దపు మధ్యలో ఫ్రాన్సులో మొదలైంది. మన దేశంలో కోల్‌కతా అలీపూర్‌లోని అగ్రి–హార్టికల్చరల్ సొసైటీలోను, తరువాత లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలోను దీనిపై కృషి జరిగింది.

సాగు దృష్ట్యా గుర్తుంచుకోవలసిన ముఖ్య లక్షణం దుంప పెరిగే తీరు. నేల లోపల అడ్డంగా సాగే దుంపపై ఉన్న ప్రతి కన్ను ఒక పిలకగా పైకి వస్తుంది. ఆ పిలక కొన్ని ఆకులు వేసి, కొసన పూగుత్తి తొడిగి, పూత ముగిశాక నశిస్తుంది. దాని మొదట్లోని కన్ను తరువాతి పిలకను ఇస్తుంది. అనగా పైభాగం తాత్కాలికం, దుంప శాశ్వతం. పైభాగం ఏ కారణంతో పోయినా దుంపలో పిండి పదార్థం, సజీవమైన కన్ను ఉన్నంత వరకు మొక్క తిరిగి లేస్తుంది. చలి దేశాల పద్ధతి అయినా, మన వేసవి పద్ధతి అయినా ఈ ఒక్క లక్షణంపైనే ఆధారపడి ఉంది.

తుషారం వల్ల కలిగే హాని

మెట్ట తామర పెరుగుదలకు 20 నుంచి 32 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. సుమారు 10 డిగ్రీలకు దిగువన పెరుగుదల దాదాపు నిలిచిపోతుంది. సున్నాకు చేరినప్పుడు ముందుగా కణాల మధ్య ఖాళీలలోని నీరు మంచు పలుకులుగా మారుతుంది. ఈ పలుకులు కణాల లోపలి నీటిని బయటకు లాగుతాయి. కణరసం చిక్కబడి, కణత్వచం దెబ్బతిని, కరిగిన తరువాత కణద్రవం కారిపోతుంది. ఉదయం ఎండ తగిలిన కొద్ది గంటలలో ఆకులు ఉడికించినట్లు మెత్తబడి నల్లబడటానికి కారణం ఇదే. దుంపకు పైనున్న మట్టి కవచంగా పనిచేస్తుంది. నేల గడ్డకట్టనంత వరకు ఆకులు మాడినా దుంప బ్రతుకుతుంది. నేల దుంప లోతు వరకు గడ్డకడితే మాత్రం దుంప కూడా కుళ్ళుతుంది.

మన రాష్ట్రపు కొండ ప్రాంతాలలో తుషారం ఎక్కువగా నిర్మలమైన ఆకాశం, గాలి కదలని రాత్రులలో ఏర్పడుతుంది. నేల తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి చల్లబడుతుంది. దానికి తగిలిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి పల్లపు భాగాలలో నిలుస్తుంది. అందువలన ఒకే గ్రామంలో గట్టు మీది మొక్క క్షేమంగా ఉండగా లోయలోని మొక్క మాడిపోవచ్చు.

శీతల ప్రాంతాలలో దుంపల సంరక్షణ

నేల గడ్డకట్టే ప్రాంతాలలో అనుసరించే పద్ధతి ఈ విధంగా ఉంటుంది.

1. మొదటి తేలికపాటి తుషారానికి ఆకులు నల్లబడిన తరువాత కాండాన్ని 10–15 సెం.మీ. ఎత్తున కోస్తారు.

2. దుంపలను గాయపరచకుండా మట్టిగడ్డతో సహా తవ్వి, వదులు మట్టి దులిపి, గాలి తగిలే నీడలో కొద్ది రోజులు ఆరబెడతారు.

3. తేలిక తడి గల కొబ్బరి పొట్టు లేదా పీట్‌లో పొరలుగా పేర్చి, 5–10 డిగ్రీల వద్ద, గడ్డకట్టని గదిలో ఉంచుతారు. పూర్తిగా పొడిగా ఉంచితే దుంపలు ముడుచుకుపోతాయి. తడి ఎక్కువైతే కుళ్ళుతాయి.

4. నెలకొకసారి పరిశీలించి కుళ్ళిన వాటిని ఏరివేస్తారు.

5. వసంతంలో రెండు, మూడు కన్నులున్న ముక్కలుగా కోసి, వెచ్చని చోట కుండీలలో మొలకెత్తించి, తుషార భయం తొలగిన తరువాత ఆరుబయట నాటుతారు.

ఇందులో ప్రతి పనికీ ఒక కారణం ఉంది. తవ్వడానికి కారణం గడ్డకట్టే నేల. చల్లని గదికి కారణం శ్వాసక్రియను తగ్గించి పిండి పదార్థాన్ని ఆదా చేయడం. తేలిక తడికి కారణం దుంప ఎండిపోకుండా చూడటం. ఇంకొక చోట ఈ కారణాలలో ఏది వర్తిస్తుందో చూసుకుని పనిని నిర్ణయించాలి.

చింతపల్లి, లంబసింగి ప్రాంతాలకు మార్పులు

ఆంధ్రప్రదేశ్‌లో తుషారం గురించి మాట్లాడవలసిన ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఎత్తైన గిరిజన మండలాలు. సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి మాసాలలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగుతుంది. చింతపల్లిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ మండలానికి సేవలందిస్తోంది. ఇక్కడ తుషారం గడ్డి మీదనే ఏర్పడుతుంది గాని నేల దుంప లోతు వరకు గడ్డకట్టదు. కాబట్టి దుంపలు తవ్వవలసిన పని లేదు. ఈ క్రింది చర్యలు సరిపోతాయి.

పల్లపు భాగాలను వదిలి, వాలు మధ్య భాగంలో నాటాలి. అక్టోబరు తరువాత నత్రజని ఎరువు ఆపాలి. లేత ఆకులు తుషారానికి ముందుగా బలవుతాయి. ఆకులు మాడిన తరువాత కాండాన్ని కోసి, మొదళ్ళపై 10–15 సెం.మీ. మందాన వరిగడ్డి లేదా ఎండుటాకులు కప్పాలి. తుషారం పడే సూచన ఉన్న రోజు మధ్యాహ్నం నేలను తేలికగా తడిపితే తడి నేల పగటి వేడిని ఎక్కువగా పట్టి ఉంచి రాత్రి నెమ్మదిగా వదులుతుంది. అయితే చలిలో నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుంది కనుక మురుగు పోయే ఏర్పాటు తప్పనిసరి. ఫిబ్రవరి చివర కప్పు తొలగించి, గుబురులను విడదీసి నాటుకోవచ్చు.

కడప జిల్లా: అడ్డంకి చలి కాదు, వేసవి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నా నది ఒడ్డున ఉన్న పట్టణాలు. పులివెందుల వాటికి నైరుతి దిశలో మరికొంత ఎత్తున ఉంది. మూడూ 14, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 300 మీటర్ల లోపు ఎత్తులో ఉన్నవే. అత్యంత చలి గల నెలలలో కూడా రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 15–20 డిగ్రీల మధ్య ఉంటుంది. తుషారం ప్రసక్తే లేదు. మెట్ట తామరకు కావలసిన 20–32 డిగ్రీల పగటి వెచ్చదనం ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు లభిస్తుంది. శీతల దేశాల కరదీపిక దుంపలను గోదాములో ఉంచమనే నెలలు ఇవే.

అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలలలో ఎదురవుతుంది. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, పొడి వడగాలులు వీచినప్పుడు వెడల్పాటి ఆకులు కోల్పోయే నీటిని వేళ్ళు అందించలేవు. ఆకు అంచులు గోధుమ రంగుకు మారి చిరుగుతాయి. పూగుత్తులు చిన్నవై, మొగ్గలు విడవకుండానే రాలిపోతాయి. అదే సమయంలో కె.సి. కాలువలో నీరు ఉండదు, బోర్లలో నీటిమట్టం తగ్గుతుంది. మొక్కకు అత్యధిక నీరు కావలసిన కాలం, మనుషులకూ పశువులకూ నీరు అత్యంత విలువైన కాలం ఒకటే అవుతుంది.

నీటి లెక్కను విద్యార్థులు ఈ విధంగా వేసుకోవచ్చు. ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. ఆ విస్తీర్ణంపై ఒక మిల్లీమీటరు నీరు అంటే 40 లీటర్లు. మే నెలలో పచ్చగా నిండిన మడి రోజుకు 7 మి.మీ. నీరు వాడుకుంటుందని తీసుకుంటే సెంటుకు రోజుకు 280 లీటర్లు, ఏప్రిల్–మే రెండు నెలల 60 రోజులకు 16,800 లీటర్లు అవుతుంది. దానికి బదులు ఆకులను కోసి, మడిని కప్పి, పది రోజులకొకసారి 10 మి.మీ. చొప్పున ఆరు తడులు మాత్రమే ఇస్తే 2,400 లీటర్లు సరిపోతాయి. మిగిలేది 14,400 లీటర్లు. అంటే ఒక్క సెంటు పూలమడి దగ్గర 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడు ఆదా అవుతాయి. పురపాలక ఉద్యానాలు, కళాశాల ప్రాంగణాలు, రహదారి మధ్య పట్టీలలో అనేక సెంట్ల మడులు ఉన్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

కాబట్టి కడప జిల్లాకు సరైన సూత్రం వేసవి విశ్రాంతి. తుషారం చేసే పనిని, అంటే ఆకులను తొలగించి దుంపను నిద్రపుచ్చడాన్ని, ఇక్కడ మార్చి చివర కత్తితో మనమే చేస్తాము. కాండాలను నేలకు 5–10 సెం.మీ. ఎత్తున కోసి, వ్యాధి లేని కోత వ్యర్థాలనే మడిపై పరచి, దానిపై వేరుశనగ పొట్టు లేదా వరిగడ్డి 8–10 సెం.మీ. మందాన కప్పాలి. వేరుశనగ పొట్టు వాడే చోట చెదల ఉనికిని గమనించాలి. మొత్తం తోటను ఒకేసారి ఖాళీగా ఉంచడం ఇష్టం లేని సంస్థలు మధ్యాహ్నపు నీడ పడే మడులను మాత్రం పచ్చగా ఉంచుకుని మిగిలిన వాటికి విశ్రాంతి ఇవ్వవచ్చు.

దుంపల నిల్వ: పసుపు రైతుల అనుభవం

మడిని మార్చవలసి వచ్చినా, దుంపలను మరొక ఊరికి పంపవలసి వచ్చినా వేసవిలో నిల్వ చేయక తప్పదు. ఇక్కడ 5–10 డిగ్రీల గది దొరకదు. రేకుల షెడ్డులో గోనె సంచులలో ఉంచిన దుంపలు మే నెల వేడికి వడలి, జూన్ నాటికి కన్నులు ఎండిపోతాయి. అయితే ఇదే సమస్యను మైదుకూరు, దువ్వూరు, ప్రొద్దుటూరు పరిసరాల పసుపు రైతులు ఎంతో కాలంగా ఎదుర్కొంటున్నారు. విత్తన పసుపును చెట్టు నీడలో గుట్టగా పోసి, ఎండిన పసుపు ఆకులతో కప్పి, పైన మట్టి, పేడ కలిపిన పూత వేయడం వారి ఆచారం. గుట్ట లోపల తేమ నిలిచి, వేడి తగ్గుతుంది. మెట్ట తామర పసుపుకు దగ్గరి బంధువు. దుంప స్వభావం కూడా అటువంటిదే. అందువలన దానికి ఈ పద్ధతిని కొద్ది మార్పుతో అన్వయించవచ్చు. పసుపు కొమ్ముల కన్నా మెట్ట తామర దుంపలో నీటి శాతం ఎక్కువ గనుక గుట్ట ఎత్తు తక్కువగా ఉంచి, గాలి ఆడేందుకు పైన చిన్న రంధ్రం వదలాలి. కొద్ది సంఖ్యలో దుంపలైతే తడి ఇసుకలో, నీడలో ఉంచిన మట్టి తొట్టి చాలు. ఎంత మంచి నిల్వ అయినా నేలలోనే ఉంచి కప్పిన దుంపకు సాటి రాదు. తప్పనిసరి అయితేనే తవ్వాలి.

నాటడం, యాజమాన్యం

జూన్, జూలై మాసాలలో తొలి వర్షాలకు నేల చల్లబడిన తరువాత నాటడం అనుకూలం. రెండు, మూడు బలమైన కన్నులున్న ముక్కలను ఎంచుకోవాలి. పసుపు విత్తనశుద్ధిలో వలెనే లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణంలో 30 నిమిషాలు ఉంచి, నీడలో ఆరబెట్టి నాటాలి. కోత ముఖాన్ని తడిగా ఉండగానే పాతితే కుళ్ళు సోకుతుంది.

పొడవు రకాలకు వరుసల మధ్య 60, మొక్కల మధ్య 45 సెం.మీ. దూరం ఇవ్వాలి. ఈ దూరంలో సెంటుకు సుమారు 150 ముక్కలు పడతాయి. పొట్టి రకాలకు 45 × 30 సెం.మీ. చాలు. లోతు 8–10 సెం.మీ. ఉండాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి నేలలలో బోదెలపై నాటితే సెప్టెంబరు–అక్టోబరు భారీ వర్షాలలో కొత్త దుంపలు కుళ్ళకుండా ఉంటాయి. పులివెందుల ఎర్ర నేలలలో నీరు త్వరగా ఇంకిపోతుంది కనుక చదును మడులలో నాటి, చదరపు మీటరుకు 5 కిలోల చొప్పున చివికిన పశువుల ఎరువు కలిపి, బిందు సేద్యం ద్వారా నీరివ్వడం మేలు. నాటిన రెండున్నర నుంచి మూడు నెలలకు పూత మొదలవుతుంది. పూత ముగిసిన కాండాన్ని ఎప్పటికప్పుడు నేల మట్టానికి కోస్తే కొత్త పిలకలకు వెలుతురు, పోషకాలు అందుతాయి. గుబురు మధ్య భాగం బోసిపోయినప్పుడు, సాధారణంగా రెండేళ్ళకొకసారి, జూన్‌లో విడదీసి నాటాలి.

రకాలలో ఎరుపు పూల ప్రెసిడెంట్, పసుపు అంచు గల ఎర్రపూల పొట్టి రకం లూసిఫర్, గులాబి రంగు సిటీ ఆఫ్ పోర్ట్‌ల్యాండ్, కంచు రంగు ఆకుల రెడ్ కింగ్ హంబర్ట్, చారల ఆకుల బెంగాల్ టైగర్ పేరొందినవి. తెల్ల మచ్చల ఆకులు గల స్టుట్‌గార్ట్ ఎండకు తేలికగా మాడుతుంది కనుక ఈ ప్రాంతానికి తగదు.

పొగాకు లద్దె పురుగు, మిడతలు ఆకులను తింటాయి. వర్షాకాలంలో చుట్టుకుని ఉన్న లేత ఆకులను నత్తలు కొరకడం వలన ఆకు విచ్చుకున్న తరువాత వరుస రంధ్రాలు కనిపిస్తాయి. ఆకు అడుగు భాగాన నారింజ రంగు పొడి వంటి బొడిపెలు తుప్పు తెగులు లక్షణం. తెగులు సోకిన ఆకులను కోసి నాశనం చేయాలి, వాటిని కప్పుగా వాడరాదు.

ఆకుల పసుపు రంగు: మూడు కారణాల గుర్తింపు

ఈ ప్రాంతంలో విస్తరణ శాస్త్రవేత్త ఎక్కువ జాగ్రత్త చూపవలసిన విషయం ఇది. ఆకు పసుపుబారడానికి మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. వాటి నివారణ కూడా వేర్వేరు.

మొదటిది ఇనుప ధాతు లోపం. సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నేలలలో ఇనుము మొక్కకు అందదు. లేత ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం ఒకే తీరున పాలిపోతుంది. మడిలోని మొక్కలన్నీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండు సార్లు పిచికారీ చేస్తే కొత్త ఆకులు పచ్చబడతాయి.

రెండవది వైరస్. కన్నా యెల్లో మాటిల్ వైరస్, బీన్ యెల్లో మొజాయిక్ వైరస్ వంటివి ఈ మొక్కను ఆశిస్తాయి. ఇందులో పసుపు గీతలు ఈనెల వెంటనే సాగుతాయి, తెంపులు తెంపులుగా ఉంటాయి. కొన్ని గుబురులలో మాత్రమే కనిపిస్తాయి. తరువాత ఆ గీతలు ఎండి, ఆకు చీలి, పువ్వుల రంగులో కూడా చారలు పడతాయి. పిచికారీతో మార్పు ఉండదు. వైరస్‌కు మందు లేదు. గుబురును దుంపలతో సహా తవ్వి నాశనం చేయాలి.

మూడవది ఎండ దెబ్బ. పసుపు, గోధుమ రంగులు ఆకు అంచుల నుంచి, ముదురు ఆకుల నుంచి మొదలవుతాయి. ఇది వేసవికే పరిమితం. బెంగాల్ టైగర్ వంటి చారల రకాలలో గీతలు సహజమైనవి, అన్ని ఆకులలో క్రమబద్ధంగా ఉంటాయి. వాటిని తెగులుగా భ్రమపడరాదు.

వైరస్‌ను ఇనుప లోపంగా పొరబడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మొక్క వెంటనే చావదు. మనం అన్నభేది చల్లుతూ ఉంటాము. ఈలోగా అదే గుబురు నుంచి దుంపలు నాలుగు పాఠశాలలకు, పది ఇళ్ళకు చేరతాయి. మెట్ట తామరలో వైరస్ ప్రధానంగా ప్రయాణించే మార్గం మనిషి చేతిలోని దుంపే. కోత కత్తిని గుబురుకు గుబురుకు మధ్య శుభ్రం చేయడం, పూతలో ఉండగా పరిశీలించి గుర్తు పెట్టిన ఆరోగ్యకరమైన గుబురుల నుంచే దుంపలు తీయడం రెండు ముఖ్యమైన జాగ్రత్తలు. పులివెందుల ప్రాంతానికి మరొక హెచ్చరిక కూడా అవసరం. అరటిని ఆశించే దోస మొజాయిక్ వైరస్‌కు ఆశ్రయ మొక్కలు వందల సంఖ్యలో ఉన్నాయి. దానిని పేనుబంక వ్యాపింపజేస్తుంది. ఎక్కడి నుంచి వచ్చినవో తెలియని మెట్ట తామర దుంపలను అరటి తోట గట్లపై అలంకారంగా నాటడాన్ని ప్రోత్సహించరాదు.

వాడుక నీటితో సాగు

మెట్ట తామర వేళ్ళు తడి నేలను తట్టుకుంటాయి. ఈ లక్షణం వలన గృహ వ్యర్థ జలాలను శుద్ధి చేసే కృత్రిమ చిత్తడి మడులలో దీనిని అనేక దేశాలలో వాడుతున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా గ్రామీణ వ్యర్థ జలాల శుద్ధిలో ఈ మొక్కను వినియోగించింది. గులకరాళ్ళు, ఇసుక నింపిన గట్టి అడుగు గల మడిలోకి నీరు ఒక చివర ప్రవేశించి, రాళ్ళ ఉపరితలానికి దిగువగా కదిలి, మరొక చివర బయటకు వస్తుంది. ఘన పదార్థాలు వడకట్టబడతాయి. వేళ్ళను, రాళ్ళను అంటి ఉన్న సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. నత్రజని, భాస్వరంలో కొంత భాగాన్ని మొక్క గ్రహిస్తుంది. నీరు పైకి కనిపించకుండా చూస్తే దోమల బెడద ఉండదు.

నలుగురున్న ఇంటి నుంచి స్నానం, బట్టల ఉతుకు నీరు రోజుకు 150 లీటర్లు వస్తుందనుకుంటే, పై లెక్క ప్రకారం అది మే నెలలో కూడా అర సెంటు మడి అవసరానికి సరిపోతుంది. ఇటువంటి మడికి వేసవి విశ్రాంతి అవసరం లేదు. అయితే సబ్బు నీటిలోని సోడియం నల్లరేగడి నేలలో చేరితే నేల గట్టిపడి నీటిని ఇంకనివ్వదు. కాబట్టి ఈ నీటిని నేరుగా రేగడి మడిలోకి వదలకుండా రాళ్ళ మడి ద్వారానే పంపాలి. మరుగుదొడ్డి నీటిని ఇందులో కలపరాదు. ఈ మడిలోని దుంపలను ఆహారానికి గాని మేతకు గాని వాడరాదు.

ఆర్థిక అంశం

దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతంలో ఈ దుంప ‘అచిరా’ పేరిట ఆహార పంట. వియత్నాంలో దీని పిండితో సేమ్యా వంటి పదార్థం తయారు చేస్తారు. మన అలంకరణ రకాలు ఆ ప్రయోజనానికి ఎంపిక చేసినవి కావు. పువ్వు కోసిన తరువాత ఒకటి, రెండు రోజులకు మించి నిలవదు. దండకు, గుత్తికి పనికిరాదు. అందువలన చామంతి, బంతి సాగు చేసే రైతుకు దీనిని ప్రత్యామ్నాయ పూల పంటగా సూచించడం సరికాదు. దీని గిరాకీ నర్సరీలకు, ప్రాంగణ సుందరీకరణకు పరిమితం. కడియం వంటి నర్సరీ కేంద్రాల నుంచి మొక్కలు తెప్పించుకునే సంస్థలకు, వైరస్ రహిత దుంపలను స్థానికంగా పెంచి ఇవ్వగల చిన్న నర్సరీలు కొద్ది సంఖ్యలో నిలదొక్కుకోవచ్చు. వాటి పెట్టుబడి దుంప సంఖ్య కన్నా దుంప శుభ్రతపై ఉండాలి.

ముగింపు

మెట్ట తామరకు ప్రతి ప్రాంతంలోనూ ఒక విశ్రాంతి కాలం ఉంది. నేల గడ్డకట్టే దేశాలలో అది నవంబరు నుంచి మార్చి వరకు, గోదాములో. లంబసింగి వంటి ప్రాంతాలలో డిసెంబరు, జనవరి మాసాలలో, గడ్డి కప్పు కింద. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఏప్రిల్, మే మాసాలలో, వేరుశనగ పొట్టు కింద. పని ఒక్కటే, నెల మారుతుంది, కారణం మారుతుంది. విస్తరణ కరపత్రంలో ‘దుంపలు ఎప్పుడు తవ్వాలి’ అన్న ప్రశ్నకు ముందు ‘ఇక్కడ మొక్కను ఆపేది ఏది’ అన్న ప్రశ్నకు సమాధానం ఉండాలి. కడప జిల్లాలో ఆ సమాధానం వేసవి ఎండ, నీటి కొరత. వాటిని ఎదుర్కొనే నేర్పు విదేశీ కరదీపికలలో కన్నా విత్తన పసుపును జూన్ దాకా కాపాడుకునే స్థానిక రైతుల వద్దనే ఎక్కువగా ఉంది. దానిని నమోదు చేసి, మెట్ట తామర దుంపలపై పరీక్షించి, నిల్వ నష్టాన్ని కొలిచి చూపడం ఉద్యాన విద్యార్థులు ఒక వేసవిలో పూర్తి చేయగల, జిల్లాకు ఉపయోగపడే అధ్యయనం.